నీటి వైపు నుంచి

తెల్లారి నాలుగున్నరకి కాశిమేడు.
టార్చిలైట్లు, ఐసు పెళ్ళలు, బూతులు.
వేలం పాడేవాడి గొంతు రంపంలా కోస్తోంది.
మారిషస్ నుంచి వచ్చిన రోజ్లిన్ రామ్‌దూ గారు
తెల్ల కాన్వాసు జోళ్ళతో
చేపల నీళ్ళలో నిలబడి
ఒక గంపలోకి వంగి చిన్నగా అన్నారు:
"నెత్తళ్ళు."

నెత్తిలి అనబోయి నేను ఆగాను.
పదకొండేళ్ళుగా ఈ తీరం చూపించి బతుకుతున్నాను.
పుట్టింది చూళైలో, ఇంట్లో తెలుగే,
చేపలకి మాత్రం నా నోట్లో అరవం పేర్లే.
ఆవిడకి వచ్చిన తెలుగు మాటలు మొత్తం నలభై ఉంటాయేమో,
అందులో ఏడు చేపలు.
మిగతాదంతా ఇంగ్లీషు, మధ్య మధ్య ఫ్రెంచిలాంటి మరేదో.

మెరీనాలో ఎండ ఎక్కేసరికి
నా పాఠం మొదలెట్టాను.
ఇసుక ఎంత పొడవు, లైట్‌హౌస్ ఎంత ఎత్తు,
జర్మన్లకి చెప్పినట్టే, జపాన్ వాళ్ళకి చెప్పినట్టే.
గుర్రంవాడు అడ్డొచ్చాడు. సుండల్ కుర్రాడు అడ్డొచ్చాడు.
ఆవిడ వినడం లేదు.
అలలకి వీపు పెట్టి
ఊరిని చూస్తున్నారు.

"అమ్మా, సముద్రం అటు."
"సంద్రం మా ఇంటి ముందరే ఉంది. మీదానికన్నా నీలం."
తర్వాత నా మొహం చూసి జాలిపడి
"ఇది పాలు పోసిన టీ. బాగానే ఉంది" అన్నారు.

మహాబలిపురం టికెట్లు నా సంచిలోనే ఉన్నాయి.
కోవళం దగ్గర కారు ఆపించి
పడవ కావాలన్నారు.
"ఎక్కడికి?"
"ఎక్కడికీ కాదు. కొంచెం దూరం వెళ్ళి, ఆగాలి."
సవరిముత్తు పడవకి డీజిలు వాసన, ఒక పాత టైరు,
గడ్డి రంగు వలలో ఇరుక్కుపోయిన ఒక చెప్పు.
ఎనిమిది వందలు అడిగాడు. నేను అయిదన్నాను.
ఆవిడ ఎనిమిదీ ఇచ్చేశారు, నా పరువు పోయింది.

అలలు దాటాక ఇంజను ఆగింది.
అప్పుడు చెప్పారు.
నానమ్మ వాళ్ళమ్మ ఇలాగే చూసిందట, ఓడ మీంచి.
ఏ ఓడో తెలీదు, ఏ ఏడో తెలీదు.
దేశం కనుమరుగయ్యేటప్పుడు ఏం చూశావని అడిగితే
గుడి అనలేదట, అమ్మ అనలేదట.
ఒడ్డున ఎవరో మేకని తిడుతున్నారు, అందట.
ఆ తిట్టు ఇంకా మా ఇంట్లో ఉంది,
పిల్లలకి అన్నం పెట్టేటప్పుడు అంటాం, అని
పెదాలు తడుపుకుని, జాగ్రత్తగా,
ఉప్పు మూట విప్పినట్టు అన్నారు:
"నీ జిమ్మడ!"

నేను నవ్వలేదు. నవ్వొచ్చింది గాని
ఒడ్డు నా నోరు మూయించింది.
పదకొండేళ్ళు నేను జనాన్ని నిలబెట్టి ఫొటోలు తీయించిన చోటు
చిటికెనవేలంత మందాన ఉంది.
సరుగుడు చెట్లు, చర్చి కొస, మసీదు మినారు,
తీగ మీద ఎవరిదో ఆకుపచ్చ చీర.
దాని వెనకాల ఎంతో ఊరు ఉండాలి.
ఎంత చూసినా చీరే కనిపిస్తోంది.
నేను లేని ఒడ్డు ఎలా ఉంటుందో
ఎవరూ నాకు టికెట్టు కొని చూపించలేదు ఇన్నాళ్ళూ.

"దాని అర్థం ఏమిటి?" అడిగారు ఆవిడ.
గైడుని కదా, తెలీదని చెప్పడం అలవాటు లేదు.
ఊగుతున్న పడవలోంచి అమ్మకి ఫోన్ చేశాను.
"జిమ్మడ అంటే ఏందమ్మా?"
"ఎవురే నిన్ను తిట్టింది?"
"ఎవరూ లేదు. అర్థం చెప్పు."
అవతల కుక్కరు విజిలేసింది. చాలాసేపు ఆలోచించింది అమ్మ.
"అర్థం నాకేం తెలుసు. ఎవుర్ని అనాలో తెలుసు.
అన్నానికి వస్తావా, రావా?"

ఆ మాటనే తిప్పి చెప్పాను ఆవిడకి,
కుక్కరు తీసేసి.
తలూపారు, సరిపోయినట్టు.

సాయంత్రం హోటలు మెట్ల మీద
జోళ్ళు విప్పి దులిపారు.
ఒక దాంట్లోంచి ఇసుక.
రెండో దాంట్లోంచి, పొద్దుటిది,
ఎండి వంకర తిరిగిన ఒక నెత్తడు.
చూసి, చేతిరుమాలులో చుట్టి
హ్యాండుబ్యాగులో వేసుకున్నారు.
కస్టమ్స్‌వాళ్ళు ఒప్పుకోరమ్మా అన్నాను.
కస్టమ్స్‌వాళ్ళని ఏమనాలో
ఆవిడకి తెలుసు.